కాలునికిఁ దొలిపూజ

భూపాలపల్లి జిల్లాలో, గోదావరియుఁ బ్రాణహితయుఁ గలసికొను కాళేశ్వరమున, అంతర్వాహినిగా సరస్వతియు వచ్చి చేరునని నమ్మి జనులు త్రివేణీసంగమముగాఁ గొలుచు ఆ తీర్థమున, గర్భాలయములో ఒకే పానవట్టము మీఁద రెండు లింగములు గలవు. ఒకటి కాళేశ్వరుఁడు, అనఁగా యముఁడు. రెండవది ముక్తీశ్వరుఁడు, అనఁగా శివుఁడు. శ్రీశైల ద్రాక్షారామములతోఁ గూడి త్రిలింగక్షేత్రములలో నొకటిగాఁ బేరెన్నికగన్న ఈ స్థలమునఁ బూజాక్రమము విలక్షణమైనది: భక్తుఁడు మొదటఁ గాలునికి మ్రొక్కి ఆ తరువాతనే ముక్తీశ్వరునికి మ్రొక్కవలెను. స్థలపురాణము దీనికిఁ గారణమును జెప్పుచున్నది. ముక్తీశ్వరుఁడు తన్నుఁ గొలిచినవారి కందఱికిని ముక్తి ననుగ్రహించుచుండఁగా యమునికిఁ బని లేకపోయెను. అతఁడు మొఱపెట్టుకొనఁగా శివుఁడు తన పానవట్టము మీఁదనే అతనికి స్థానమిచ్చి, తొలుత అతనిఁ బూజింపనివానికి ముక్తి లేదని కట్టడి చేసెను.

ఈ కథలో ఒక కఠినమైన ప్రశ్న యిమిడి యున్నది. మృత్యువును దాఁటుటకై శివుని యొద్దకుఁ బోవువాఁడు మృత్యువునకే మొదట నేల నమస్కరింపవలెను? మనము జీర్ణించుట, ముదియుట, చచ్చుట అనునవి మన పాపములకు విధింపఁబడిన శిక్షలా? లేక బ్రతుకుట యను క్రియలోనే అవి అంతర్భాగములా? శిక్షలే యైనచో యముఁడు దండము చేఁబట్టి వాకిట నిలువవలసినవాఁడు గాని, ముక్తిదాత సరసన ఒకే పీఠము నలంకరింపఁ దగినవాఁడు కాఁడు. అంతర్భాగములైనచో ఈ పూజాక్రమమునకు వేఱొక యర్థము గలదు. ఈ విచారణకు నేను తోడుగాఁ దెచ్చుకొనునది వేదాంతగ్రంథము గాదు. ప్రాణవాయువుచేత మాంసకృత్తులకుఁ గలుగు గాయమును విద్యుత్తు సాయమునఁ గనిపెట్టు నేఁటి రసాయనవిద్య. మన పూర్వులు ఈ విద్య నెఱిఁగియే ఆ లింగములను అట్లు ప్రతిష్ఠించిరని నేను చెప్పఁబోను. అట్టి మాట శాస్త్రమునకును దైవమునకును అగౌరవము. వారు తమ ప్రశ్నను తమ కన్నులతోఁ జూచిరి. మనము అదే ప్రశ్నను వేఱు పనిముట్లతోఁ జూచుచున్నాము.

విశ్రాంతిగాఁ గూర్చున్న మనుష్యుని దేహము నిమిషమునకు సుమారు పావు లీటరు ప్రాణవాయువును వినియోగించుకొనును. తిన్న అన్నము నుండి వెలువడిన ఎలక్ట్రాన్లు, జీవకణములలోని మైటోకాండ్రియా పొరలయందు ఒక మాంసకృత్తు నుండి మఱొక మాంసకృత్తునకుఁ జేతులు మాఱుచు వచ్చి, కడపటఁ బ్రాణవాయువును జేరును. ఆ ప్రయాణమున విడుదలయగు శక్తి, భీమవరమునఁ బుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కే యను శాస్త్రజ్ఞునితోఁ గలసి 1929లో ప్రకటించిన ఏటీపీ యను పదార్థమున నిలువయగును. ప్రాణవాయువు అణువు నాలుగు ఎలక్ట్రాన్లను సక్రమముగా గ్రహించి నీరుగా మాఱినచో ఏ హానియు లేదు. కాని ఎలక్ట్రాను అప్పుడప్పుడు దారి తప్పి ఒంటరిగా దానిఁ జేరును. ఒకటి చేరిన సూపరాక్సైడు. రెండు చేరిన హైడ్రోజన్ పెరాక్సైడు. మూఁడవది చేరినచో, విశేషించి ఇనుము దాపున నున్నచో, హైడ్రాక్సిల్ రాడికల్ అను మహోగ్రపదార్థము పుట్టును. దాని యాయువు సెకనులో 100 కోట్లవ వంతు పాటిది. కాని ఆ లోపలనే అది తనకుఁ దగిలినదాని నెల్ల గాయపఱచి పోవును. 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనువారు సూపరాక్సైడును శమింపఁజేయుటకే యేర్పడిన ఎంజైము నొకదానిని గనుగొనిరి. ఆ విషము దేహమునకుఁ గొత్త కాదనియు, ప్రతిశ్వాసతోడను అది లోపలనే పుట్టుచున్నదనియు, దానికిఁ గాపుగా జీవము ఎన్నఁడో యేర్పాటు చేసికొన్నదనియు అప్పుడు లోకమునకుఁ దెలిసెను.

ఈ గాయములు అన్నియు ఒక్క తీరువి గావు. మాంసకృత్తు అనఁగా అమైనో ఆమ్లములు వరుసగాఁ గూడి ఒకానొక రూపమున ముడుచుకొన్న పదార్థము. దాని పని దాని రూపమునందే యున్నది. అందలి మెథియోనీన్ అను అమైనో ఆమ్లము ఆక్సీకరణము చెందినచో దానిని మరల బాగుచేయు ఎంజైములు దేహమునఁ గలవు. సిస్టీన్‌కుఁ గలుగు మార్పులలోఁ గొన్నియుఁ జక్కఁబడును. కాని టైరోసీన్లు రెండు ఒకదానితో నొకటి అతుకుకొన్నను, ట్రిప్టోఫాన్ వలయము పగిలినను, ప్రక్కకొమ్మలు కార్బొనైల్ సమూహములుగా మాఱినను, ఆ మార్పు సామాన్యముగా మరలిరానిది. అప్పుడు దేహము చేయఁగలిగినది ఆ మాంసకృత్తును గూల్చివేసి క్రొత్తది కట్టుకొనుట మాత్రమే.

ఇందు నన్ను మిక్కిలి ఆలోచింపఁజేసినది సైటోక్రోమ్ సి యను చిన్న మాంసకృత్తు. మనుష్యునిలో అది 104 అమైనో ఆమ్లముల పొడవు మాత్రమే. దాని గర్భమున ఒక ఇనుము పరమాణువు గలదు. శ్వాసక్రియ తుదిమెట్టున ఎలక్ట్రాన్లను గొనిపోయి, వానిని బ్రాణవాయువున కందించు ఎంజైమునకు అప్పగించుట దాని వృత్తి. అది లేక ఊపిరి నిష్ప్రయోజనము. 1996లో షియావ్‌దాంగ్ వాంగ్ అను శాస్త్రజ్ఞుఁడును ఆయన సహచరులును వేఱొక సంగతిని బయటపెట్టిరి: ఇదే సైటోక్రోమ్ సి మైటోకాండ్రియా గోడ దాఁటి వెలుపలికి వచ్చినచో, ఆ కణమునకుఁ జావవలసిన కాలము వచ్చినదని యాజ్ఞ వెలువడినట్లే, అంతట కణము తనంతఁ దాను క్రమముగా విడివడిపోవును. ఊపిరిని నడుపునదియు మరణాజ్ఞ నిచ్చునదియు ఒకే అణువు. ఈ మరణమైనను దుర్మరణము గాదు. గర్భస్థశిశువు చేతివ్రేళ్ల నడుమ నున్న పొర యందలి కణములు ఇట్లు క్రమముగాఁ జచ్చుటచేతనే వ్రేళ్లు వేఱుపడుచున్నవి. చెడిపోయిన కణము ఇట్లు తొలఁగకున్నచో పుండై, కంతియై దేహమునంతటిని మ్రింగును. ఒకే పానవట్టము మీఁద ఇద్దఱు వేల్పులను నిలిపిన భక్తునికి ఈ సంగతి తెలియదు. కాని అది విన్నచో ఆతఁ డాశ్చర్యపడఁడని నా నమ్మకము.

ఈ గాయము కంటికిఁ గనఁబడదు గదా, దాని నెట్లు కనుఁగొందురు? ఆక్సీకరణ మనఁగా ఎలక్ట్రాన్లను గోల్పోవుట. కావున ఎలక్ట్రాన్లతోనే దాని నడుగుట సహజమైన మార్గము. కార్బన్ ఎలక్ట్రోడును మాంసకృత్తు ద్రావణమున నుంచి వోల్టేజిని మెల్లమెల్లగాఁ బెంచుదురు. ఒక వోల్టు లోపలనే టైరోసీన్, ట్రిప్టోఫాన్లు తమ ఎలక్ట్రాన్ల నిచ్చివేయును. ఆ క్షణమున విద్యుత్ప్రవాహము శిఖరముగా లేచును. 1980 ప్రాంతము నుండియు ఎఱిఁగిన సంగతి యిది. ఇదివఱకే గాయపడిన మాంసకృత్తు తన ఎలక్ట్రాన్లను అంతకుముందే కోల్పోయినది గాన ఆ శిఖరము కుంగును. సైటోక్రోమ్ సి విషయమున ఇంకొక గుఱుతు గలదు. దానిలో 80వ స్థానమునందలి మెథియోనీన్ ఇనుమును బట్టియుండును. ఆ పట్టు సడలినచో ఇనుము ఎలక్ట్రాన్లను గ్రహించు వోల్టేజియే ఋణదిశకుఁ జాల దూరము జరుగును.

ఇచట ద్రావణము మాట ప్రధానమైనది. నీటికిఁ గొన్ని హద్దులు గలవు. 1.23 వోల్టులు దాఁటినచో సిద్ధాంతరీత్యా నీరే విడిపోవ నారంభించును, అది ఆవిరియైపోవును, అందు మాంసకృత్తులు త్వరలోఁ జెడును. అందుచే శాస్త్రజ్ఞులు అయానిక ద్రవముల వైపు మఱలిరి. మనము తిను ఉప్పు సంపూర్ణముగా అయానులతో నేర్పడినదే, కాని అది కరఁగుటకు 801 డిగ్రీల వేఁడిమి కావలెను. 1914లో పాల్ వాల్డెన్ 12 డిగ్రీలకే కరఁగు ఇథైల్ అమ్మోనియం నైట్రేటు అను లవణమును వర్ణించెను. అట్టి ద్రవములు దాదాపు ఆవిరి గావు. విద్యుత్తును దామే ప్రవహింపఁజేయును. వానిలోఁ బెక్కింటికి విడిపోక నిలుచు నాలుగు వోల్టుల విస్తారమైనను గలదు. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలోనే సేంద్రియాణువుల నిర్మాణమునకు ఇవి ద్రావణులుగా విరివిగా ఉపయోగింపఁబడినవి. 2005 ప్రాంతమున ఆస్ట్రేలియా దేశపు మోనాష్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, మన ఆహారమునందుండు కోలిన్‌తోఁ జేసిన అయానిక ద్రవమునఁ గొంచెము నీరు చేర్చి, అందు ఇదే సైటోక్రోమ్ సి నెలల తరబడి చెడకుండుటను జూపిరి. ఊపిరి మోయు అణువును, కాలుఁడు తాఁకిన చోటెల్ల పరీక్షించుటకై, కొంతకాలము కాలుని నుండి తప్పించి నిలుపుకొనఁగల యొక యాశ్రయము దొరకినది.

కాని ఆశ్రయమిచ్చినదే మోసమునకుఁ గారణము గావచ్చును. కొన్ని అయానిక ద్రవములు తామే మాంసకృత్తు రూపమును సడలించును. ఆ సడలింపు వలనఁ బుట్టిన గుఱుతు గాయము గుఱుతును బోలియుండును. అంతే గాక, మాంసకృత్తు ముడి విప్పుకొన్నప్పుడు లోపల దాఁగిన టైరోసీన్లు వెలికివచ్చి శిఖరము కుంగుటకు మాఱుగా లేవవచ్చును. కావున ప్రవాహము తగ్గినది గాన గాయమున్నదని యనుటకుఁ దొందరపడరాదు.

ఈ జాగరూకత మనకుఁ గొత్తది గాదు. తెలుఁగువాఁడైన అన్నంభట్టు పదియేడవ శతాబ్దమున రచించిన తర్కసంగ్రహము, తరతరములుగా మన బాలురకు ఈ జాగరూకతనే నేర్పినది. పొగను బట్టి నిప్పును ఊహించుట న్యాయ్యము. నిప్పును బట్టి పొగను ఊహించుట తప్పు. ఏలయన పొగకుఁ దడికట్టె తోడు కావలెను. నిప్పు మాత్రమే చాలదు. ఆ తడికట్టె వంటిదానిని నైయాయికులు ఉపాధి యనిరి. అది చూపున కందకుండ హేతువులో దూరి అనుమానమును జెఱుచును. అయానిక ద్రవము ఈ పరీక్షలో ఉపాధి యగునేమో యని శాస్త్రజ్ఞుఁడు ప్రతిపదమునను శంకింపవలెను. దానికి విరుగుడు అన్వయవ్యతిరేకములే: గాయపడని మాంసకృత్తును అదే ద్రవమున నుంచి చూచుట, గాయపడినదానిని వేఱు ద్రవమునఁ జూచుట, కార్బొనైళ్లను లెక్కించు వేఱొక పద్ధతితో సరిపోల్చుట. ఇట్లు చేసినప్పుడే ఎలక్ట్రోడు పలికినది సాక్ష్యమగును. గాయమును జూచుటకే ఇంత విచారము కావలసియుండఁగా, గాయపడినవానికి పాపము నంటఁగట్టుట కెంత విచారము కావలెను!

ప్రధానమైన ప్రశ్న ఇచటనే యున్నది. చిత్రగుప్తుని లెక్కలో ప్రతిగీఁతయు ఒక తీర్పు. కాని ఎలక్ట్రోడు గీచిన గీఁతలో ఏ తీర్పును లేదు. 1940 ప్రాంతమున పాశ్చాత్య దేశములలో నెలలు నిండక పుట్టిన శిశువులను బ్రతికించుటకై వారికిఁ బ్రాణవాయువును అధికముగా నొసఁగు ఆచారము వ్యాపించెను. అంతట వేలకొలఁది శిశువులు అంధులైరి. 1954 నాఁటికి అధిక ప్రాణవాయువే దానికిఁ గారణమని పరిశోధకులు నిశ్చయించి దాని పాళ్లు తగ్గింపఁగా ఆ యంధత్వమును దగ్గెను. దీనిని బూర్వజన్మపాపమని చెప్పువారు ఒక సంగతి నాలోచింపవలెను: శిశువుల పూర్వజన్మములు మాఱలేదు, గొట్టములో వచ్చు ప్రాణవాయువు పాళ్లు మాత్రమే మాఱినవి. కర్మసిద్ధాంతమును నేను తిరస్కరించుట లేదు. క్రియకు ఫలము గలదనుట సత్యము; పొగ త్రాగువానికిఁ గంటిశుక్లము త్వరగా వచ్చుటయు సత్యమే. కాని కారణము వేఱు, తీర్పు వేఱు. కారణమును వెదకువాఁడు చేయూఁత నిచ్చును. తీర్పు చెప్పువాఁడు చేయి కడుగుకొనును.

కంటిశుక్లము మాట వచ్చినది గనుక దానిని మఱికొంత విచారింతము. కంటి కటకమునందలి క్రిస్టలిన్లు అను మాంసకృత్తులు తక్కిన దేహభాగములలోని వానివలెఁ గూల్చి మరలఁ గట్టఁబడునవి గావు. కటకము నడిమిభాగము మనము పుట్టక పూర్వమే యేర్పడి జీవితాంతము నిలుచును. 1950 తరువాతి అణ్వస్త్ర పరీక్షలచే వాయుమండలమునఁ బెరిగిన కార్బన్-14 గుఱుతును బట్టి 2008లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు ఈ సంగతిని నిరూపించిరి. ఎనుబది యేండ్ల వృద్ధుని కంటిలో ఎనుబది యేండ్ల నాఁటి మాంసకృత్తే యున్నది. ఆ యెనుబది యేండ్ల వెలుఁగును, ఆ యెనుబది యేండ్ల ప్రాణవాయువు కాటును అది యొక్కటియే భరించినది. దాని ట్రిప్టోఫాన్లు పగిలి పసుపువన్నె దాల్చును. దాని సిస్టీన్లు అతుకుకొనును. కడకుఁ జూపు మసకబాఱును. హైదరాబాదులోని సీసీఎంబీ యను పరిశోధనసంస్థయందును, పిదప ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థయందును పనిచేసిన డి. బాలసుబ్రహ్మణ్యన్‌గారు, వెలుఁగుచేతను ఆక్సీకరణముచేతను క్రిస్టలిన్లకుఁ గలుగు ఈ హానిని దీర్ఘకాలము పరిశోధించిరి.

ఈ కటకము నుండి వేదాంతి నేర్చుకొనవలసినది కొంత గలదు. దేహములో సర్వమును క్షణక్షణము మాఱుచున్నదనువానికి ఇది మాఱక నిలిచినదానిని జూపును. అట్లైన నిత్యత్వ మిచట నున్నదని సంతోషించువానికి, నిలిచినదే అన్నింటికంటె నెక్కువగా దెబ్బతిన్నదని చూపును. మాఱునది బ్రతుకును, మాఱక నిలుచునది గాయములను గూడఁబెట్టుకొనును. కావున నిత్యత్వమును దేహమునందు వెదకుట యనఁగా గాయముల సంచయమును వెదకుటయే. దీర్ఘాయువు కోరఁదగినదే కాని అది ముక్తి గాదు. కఠోపనిషత్తులో నచికేతుఁడు యముఁ డీయవచ్చిన దీర్ఘాయువును గాదని, మరణానంతర తత్త్వమునే బోధింపుమని పట్టుపట్టెను. అతనికిఁ దత్త్వమును దెలిపినవాఁడు యముఁడే గాని వేఱొకఁడు గాఁడు. మన సంప్రదాయమున మృత్యువు గురుపీఠమున నుండుట కాళేశ్వరమునందు మాత్రమే కాదు.

అట్లైన కాలుని ఆ పీఠము నుండి దింపివేయరాదా యని మానవుఁడు ప్రయత్నింపకపోలేదు. 1956లో డెన్హామ్ హార్మన్ అను శాస్త్రజ్ఞుఁడు, ముసలితనమునకు మూలము ఈ రాడికళ్ల తాఁకిడియే యని ప్రతిపాదించెను. అదియే నిజమైనచో ఆక్సీకరణము నడ్డు పదార్థములను మాత్రలుగా మ్రింగినచోఁ జాలునని పెక్కురు తలఁచిరి. ఫిన్లాండులో 29,000 మందికిఁ బైఁబడిన, పొగత్రాగు పురుషులపై జరిగిన పరీక్ష ఫలితము 1994లో వెలువడెను. అట్టి పదార్థములలో నొకటియైన బీటా కెరోటిన్ మాత్రలు తీసికొన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గుటకు మాఱుగా 18 శాతము పెరిగెను. ఇంతియ కాక, మన రక్తములోని తెల్లకణములు సూక్ష్మజీవులను జంపుటకు బుద్ధిపూర్వకముగా నన్నట్లు ఈ సూపరాక్సైడునే పుట్టించుచున్నవి. ఆ శక్తి లేక పుట్టిన శిశువులు మాటిమాటికి దారుణమైన అంటురోగములకు లోనగుదురు. మనలను గొఱుకు విషమే మనకుఁ గాపు. స్థలపురాణములో యముఁడు పనిలేక మొఱపెట్టిన ఘట్టము, ఒక దేవత ఉద్యోగము పోయిన కథగాఁ గాక, ఒక ధర్మము స్థానభ్రష్టమైన కథగా నాకు ఇప్పుడు వినఁబడుచున్నది.

ఇఁక ముక్తి మాట. ఎలక్ట్రోడు ముక్తిని గూర్చి ఏమియుఁ జెప్పదు; చెప్పునని ఆశించుటయుఁ దగదు. అది గాయమును గొలుచును. గాయమును ఎఱుఁగువానిని గొలువదు. ఆ యెఱుక దేహమునకు అతీతమైన సాక్షియా, దేహముతోడనే ఆఱిపోవు దీపమా యన్నది ప్రయోగశాలలోఁ దేలునది గాదు. నా విశ్వాసము మొదటిపక్షము వైపు మొగ్గినను, దానికి రసాయనశాస్త్రమును సాక్షిగాఁ బిలుచుట అన్నంభట్టు ఒప్పుకొనని యనుమానమే యగును. అయినను ఒకటి మాత్రము నిశ్చయముగాఁ జెప్పవచ్చును. జీర్ణతను శిక్షగా భావించువాఁడు దాని నుండి పాఱిపోవఁ గోరును. అతఁడు కోరు ముక్తి భయమునకు మాఱుపేరు. జీర్ణత ఊపిరికిఁ జెల్లించు వెల యని యెఱిఁగినవాఁడు మాత్రమే, ఆ వెలను జెల్లించుచునే, దానికి లోఁబడనిది యేదైనఁ గలదా యని భయము లేక అడుగఁగలఁడు. ఆ ప్రశ్న యడుగుటకు అర్హత కాలునికిఁ దొలిపూజ చేసినవానికే గలదు.

ఆ తొలిపూజ యనఁగా నే నెఱిఁగినంతలో మూఁడు పనులు. క్షయమును గన్ను మఱలింపక, ఉపాధుల నేఱివేసి, ఉన్నదున్నట్లుగాఁ దెలిసికొనుట ఒకటి. దానిని ఎవ్వని పాపముగను నిందింపకుండుట రెండవది. మాన్పఁదగినదానిని మాన్పి, మాన్పరానిదానిని గౌరవముతో భరించుట మూఁడవది. పుష్కరముల నాఁడు సంగమమున మునుఁగు లక్షలాది జనులలోఁ గన్ను మసకబాఱిన వృద్ధులు ఎందఱో యుందురు. అట్టి తల్లిని "నీ కర్మ" మని యింట విడిచి తాను పుణ్యస్నానమునకుఁ బోయిన కొడుకు కాలుని నవమానించినవాఁడు. ఆమెను దొలుత వైద్యుని యొద్దకుఁ దోడ్కొనిపోయి, చెడిన కటకమును దీయించి, తిరిగివచ్చిన చూపుతో ఆమెను జేయి పట్టి నడిపించుకొని వచ్చినవాఁడే ముక్తిని గూర్చి మాటలాడుట కర్హుఁడు.